మోకాలి నొప్పి, నెలాఖరు టెన్షన్: యాభై ఏళ్ల దాకా నాట్యం చేయాలంటే ఇప్పుడేం చేయాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాకు 25 ఏళ్లు, ఉండేది విజయవాడలో. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నాను. బీకాం అయ్యాక ఉద్యోగాల వైపు వెళ్లకుండా నాట్యాన్నే వృత్తిగా పెట్టుకున్నాను. సాయంత్రాలు రెండు అపార్ట్‌మెంట్లలో పిల్లలకి క్లాసులు చెప్తాను. గురువుగారి బృందంతో ప్రోగ్రాములకి వెళ్తాను.

ఏడాదిగా కుడి మోకాలు ఇబ్బంది పెడుతోంది. చిప్ప ముందు భాగంలో నొప్పి. మెట్లు దిగేటప్పుడు, అరమండిలో (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ) ఎక్కువసేపు ఉండి లేచేటప్పుడు బాగా తెలుస్తుంది. తరంగం (పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే ఐటమ్) ఉన్న రోజున నొప్పి మాత్ర వేసుకుని స్టేజీ ఎక్కుతున్నాను. మర్నాడు పొద్దున కాలు కింద పెట్టాలంటే భయం. క్లాసులు చెప్పేదేమో సెల్లార్‌లో సిమెంటు నేల మీద.

డబ్బు సంగతి కూడా చెప్తాను. ప్రోగ్రాములు దసరా నుంచి శివరాత్రి దాకా ఉంటాయి, స్కూలు యానివర్సరీలు కూడా ఆ రోజుల్లోనే. ఏప్రిల్, మేలో పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లకి వెళ్లిపోతారు, ఫీజులు రావు. కొన్ని చోట్ల శాలువా కప్పి మెమెంటో చేతిలో పెట్టి పంపేస్తారు. ఇంకొన్ని చోట్ల ఆడినందుకు మన దగ్గరే రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకుంటారు. మేకప్, పూలు, ఆటో ఖర్చులన్నీ మనవే.

అమ్మ బ్యాంకు పరీక్షలు రాయమంటోంది. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. కానీ నాట్యం మానేస్తే నేను నేనుగా ఉండను. మోకాలి సంగతి గురువుగారికి ఇంకా చెప్పలేదు. చెబితే దసరాకి నా ఐటమ్‌లు వేరేవాళ్లకి ఇస్తారేమోనని భయం. ఈ రంగంలో చాలాకాలం నిలబడినవాళ్లు ఎలా నెట్టుకొచ్చారో దయచేసి చెప్పండి.

తెనాలి టీచర్

చెల్లీ, నేను తెనాలిలో కూచిపూడి నేర్పుతాను. నలభై ఆరేళ్లు. ఇప్పటికీ స్టేజీ ఎక్కుతున్నాను, నొప్పి మాత్ర లేకుండా. అందుకని నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మోకాలి వైద్యం డాక్టరో ఫిజియోనో చెప్పాలి. నేను డబ్బు దగ్గర మొదలుపెడతాను. నీ మోకాలు కుదుటపడాలంటే కొన్ని వారాలు కొన్ని ప్రోగ్రాములు వదులుకోవాలి. వదులుకోవాలంటే ఆ నెల ఇల్లు గడవాలి. గడవదు కాబట్టే నువ్వు మాత్ర వేసుకుని వెళ్తున్నావు. నేను చూసిన చాలామంది మంచి నర్తకులు ముప్పై ఐదుకే ఆగిపోయింది ఈ ముడి దగ్గరే. వాళ్లకి ప్రతిభ తక్కువై కాదు. ఒక్క నెల విశ్రాంతి తీసుకునే వెసులుబాటు లేక చిన్న గాయం పెద్దదైంది. అందుకే నా శిష్యులందరికీ ఒకటే చెప్తాను: నొప్పితో స్టేజీ ఎక్కాల్సిన అవసరం రాకుండా బతుకు అమర్చుకోండి. మిగతా ఏర్పాట్లన్నీ దానికోసమే.

ప్రోగ్రాముల డబ్బుని నెలవారీ ఖర్చుల్లో కలపకు. అద్దె, కిరాణా, కరెంటు బిల్లు క్లాసుల మీద నడవాలి. స్టేజీ మీద వచ్చింది పొదుపులోకి వెళ్లాలి. ఇది మొదట్లో చాలా కష్టం, కానీ కుదిరిన రోజు నుంచి ఆర్గనైజర్‌తో మాట్లాడే గొంతే మారిపోతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి ఆడే ప్రోగ్రాములు ఇప్పుడే మానెయ్. సర్టిఫికెట్ ఒక కాగితం, నీ మోకాలు అంతకంటే విలువైంది.

క్లాసు ఫీజు నెలనెలా అడక్కుండా మూడు నెలలకోసారి తీసుకో. జూన్‌లో పిల్లల్ని చేర్చుకునేటప్పుడే ఈ మాట చెప్పెయ్యాలి, మధ్యలో మారిస్తే తల్లిదండ్రులు ఒప్పుకోరు. వేసవిలో ఊళ్లకి వెళ్లే పిల్లలున్నట్టే ఊళ్ల నుంచి వచ్చే పిల్లలూ ఉంటారు. వాళ్లకి నాలుగు వారాల శిబిరం పెట్టు. అడుగులు, అసంయుత హస్తాలు (ఒంటి చేతి ముద్రలు), శబ్దం అనే చిన్న ఐటమ్ ఒకటి లేదా కీర్తన, చివరి రోజు తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. అంతకంటే ఎక్కువ పెట్టుకోకు. ఆన్‌లైన్ క్లాసులు కూడా చూడు. మనకి పొద్దున ఆరు గంటలంటే వేసవి కాలంలో న్యూజెర్సీలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, డల్లాస్‌లో ఏడున్నర. అక్కడి మన తెలుగు పిల్లలకి శుక్ర, శనివారాల రాత్రి ఆ సమయం కుదురుతుంది. అమెరికాలో చలికాలం గడియారాలు మార్చినప్పుడు గంట తేడా వస్తుంది, అది ముందే మాట్లాడుకో. కూర్చుని తాళం వేస్తూ, కళ్లూ చేతులూ దిద్దుతూ చెప్పే క్లాసు కాబట్టి మోకాలికీ విశ్రాంతి.

నట్టువాంగం నేర్చుకో. ఇది గట్టిగా చెప్తున్నాను. తాళాలు పట్టి జతులు (నాట్యానికి పలికే లయ పలుకులు) చెప్పగలిగిన మనిషికి ఈ రంగంలో ఎప్పుడూ పని ఉంటుంది, ఎందుకంటే ఆడేవాళ్లు ఎక్కువ, నట్టువాంగం చేసేవాళ్లు తక్కువ. ఆ పనికి మోకాలితో సంబంధం లేదు. నాకు పాప పుట్టిన తర్వాత చాన్నాళ్లు నేను స్టేజీ మీద ఉన్నది ఆ పక్కనే. నేను ఆడకపోయినా రంగానికి దూరం కాలేదు, పిలుపులు ఆగలేదు.

ఇలా నాలుగు పనులు చేస్తే నాట్యానికి ద్రోహం చేస్తున్నట్టు అనిపిస్తుంది కొందరికి. మన పెద్దల్ని చూడు. వెంపటి చినసత్యం గారు కూచిపూడి నుంచి మద్రాసు వెళ్లి, సినిమాల్లో వేదాంతం రాఘవయ్య గారి దగ్గర పనిచేసి, ఆ తర్వాత 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. పసుమర్తి కృష్ణమూర్తి గారు సినిమాల్లో నృత్య దర్శకులుగా పేరు తెచ్చుకున్నారు. శోభానాయుడు గారు హైదరాబాద్‌లో జీవితాంతం పిల్లలకి నేర్పుతూనే ఆడారు. ఎవరూ ఒక్క ప్రదర్శనల మీదే బతకలేదు.

కాగితాల సంగతి. నీకు బీకాం ఉంది, మంచిదే, కానీ నాట్యంలో గుర్తింపు ఉన్న పరీక్ష ఏదైనా రాశావా? ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. విజయవాడలోనే ఘంటసాల గారి పేరు మీద కళాశాల ఉంది. ప్రైవేటుగా పరీక్షకి కూర్చోవడం కుదురుతుందేమో అక్కడికే వెళ్లి అడుగు. ఎంపీఏ (ప్రదర్శన కళల్లో పీజీ) చేస్తే యూజీసీ నెట్, అంటే కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్ష, రాయొచ్చు, అందులో నృత్యానికి పేపర్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూచిపూడి, భరతనాట్యం రెండిట్లోనూ ఎంపీఏ ఉంది. దూరదర్శన్ ఆడిషన్ ఇచ్చి గ్రేడ్ తెచ్చుకో. గ్రేడ్ ఉన్నవాళ్లని పిలిచేటప్పుడు ఆర్గనైజర్లు శాలువాతో సరిపెట్టడానికి కాస్త వెనకాడతారు.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. నీ వయసుకి ఇదే ఆఖరి అవకాశం కావచ్చు. ఏ తేదీకి వయసు లెక్కేస్తారో నోటిఫికేషన్‌లో ఈరోజే చూసుకో. అది దాటిపోయినా 25 నుంచి 40 మధ్యవాళ్లకి జూనియర్ ఫెలోషిప్ ఉంది, నెలకి 10,000, అదీ రెండేళ్లే. దానికి ఏదో ఒక అంశం మీద పరిశోధన ప్రతిపాదన రాసి పంపాలి. గురువుగారి దగ్గర పాత జతులో, ఎవరూ ఆడని దరువులో (కూచిపూడి నాటకాల్లో పాత్రల పాటలు) ఉంటే అదే అంశంగా పెట్టుకోవచ్చు.

ఇక నేల. నువ్వు నొప్పి గురించి రాసిన మొత్తంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది సెల్లార్ సిమెంటు నేల. ప్రోగ్రాము ఎప్పుడో ఒకసారి ఉంటుంది, సిమెంటు మీద తట్టడం మాత్రం రోజూ. ఇంట్లో సాధనకి ఎనిమిది అడుగులు పొడవు, నాలుగు అడుగులు వెడల్పు ఉండే ప్లైవుడ్ షీట్లు రెండు తెచ్చుకో, 18 మిల్లీమీటర్ల మందం ఉండాలి. వాటిని నేరుగా సిమెంటు మీద పరిస్తే పెద్ద ఉపయోగం లేదు. కింద దగ్గర దగ్గరగా రబ్బరు మ్యాట్ ముక్కలు పెట్టి, పైన ప్లైవుడ్ వేసి, రెండు షీట్లూ కలిసే చోట కదలకుండా కింద నుంచి పట్టీ కొట్టించు. తట్టినప్పుడు షీటు కొద్దిగా ఊగినట్టు తెలియాలి. అంచుల్ని ఉప్పు కాగితంతో నున్నగా చేయించు, లేకపోతే పేడులు గుచ్చుకుంటాయి. నా క్లాసు గది మొత్తం ఇలాగే వేయించాను. నా ఒంటికోసం పెట్టిన ఖర్చుల్లో ఇంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇది కుదరకపోతే, అక్కడ నువ్వు ప్రతిసారీ పూర్తి తట్టుతో చేసి చూపించకు. పెద్ద పిల్ల ఒకర్ని ముందు నిలబెట్టు, నువ్వు నోటితో సొల్లుకట్టు, అంటే అడుగుల లయ పలుకులు, చెప్పు.

ప్రోగ్రాముకి వెళ్లినప్పుడు మేకప్‌కి కూర్చోకముందే ఒకసారి ఒట్టి కాళ్లతో స్టేజీ అంతా నడువు. బల్లల మీద ప్లైవుడ్ వేసి కార్పెట్ పరిచిన స్టేజీల్లో బల్లల మధ్య సందు ఉంటుంది, మేకులు పైకి తేలి ఉంటాయి. కార్పెట్ నాలుగు మూలలా లాగి కొట్టకపోతే తరంగంలో పళ్లెంతో పాటు అదీ కదులుతుంది. అలాంటి చోట నేను తరంగం మానేసి ఇంకో ఐటమ్ చేస్తాను. ఆర్గనైజర్లు మొహం ముడుచుకుంటారు. ముడుచుకోనీ.

అమ్మగారి మాట గురించి. బ్యాంకు ఉద్యోగం చిన్నదేమీ కాదు, కానీ బ్రాంచిలో సాయంత్రం ఎప్పుడు బయటపడతారో తెలియదు, నీ క్లాసులన్నీ సాయంత్రమే. నాట్యం టీచర్‌గా స్కూల్లో చేరితే మధ్యాహ్నానికో మూడింటికో అయిపోతుంది, నెల జీతం వస్తుంది. అమ్మగారికి నెలవారీ లెక్క కాగితం మీద రాసి చూపించు. మాటలతో ఒప్పించలేవు.

రాజమండ్రి ఫిజియో

నర్తకులు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు కాబట్టి మోకాలి సంగతి నేను రాస్తాను. చూడకుండా ఇది ఫలానా అని చెప్పలేను. దగ్గర్లో ఆర్థో డాక్టర్‌కో ఫిజియోకో తప్పకుండా చూపించుకోండి. ముఖ్యంగా మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, నడుస్తుంటే జారిపోయినట్టు అనిపించినా ఆలస్యం వద్దు.

మీరు చెప్పిన లక్షణాలు, అంటే చిప్ప ముందు నొప్పి, మెట్లు దిగేటప్పుడు ఎక్కువ కావడం, చిప్ప మీద భారం ఎక్కువైనప్పుడు మామూలుగా కనిపించేవే. అరమండిలో కాళ్లు పక్కలకి తిరగాల్సింది తుంటి దగ్గర. తుంటి తిరిగే మేర కంటే పాదాల్ని ఎక్కువ పక్కకి తిప్పి పెడితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. అద్దం ముందు అరమండిలో కూర్చుని చూడండి. మోకాలు పాదం రెండో వేలి మీదుగా బయటికి వెళ్లాలి. లోపలికి, బొటనవేలి వైపు వాలుతుంటే పాదాల్ని కొంచెం ముందుకి తిప్పుకోండి. మండి కాస్త తక్కువ లోతుగా కనిపించినా ఫరవాలేదు.

తుంటి పక్క కండరాలకి బలం కావాలి. పక్కకి పడుకుని పైకాలు మోకాలు వంచకుండా ఎత్తి నెమ్మదిగా దించడం, గోడకి వీపు ఆనించి సగం దాకా కూర్చుని ఉండటం, ఒంటికాలి మీద మడమ ఎత్తి నెమ్మదిగా దించడం. ఇవి వారంలో రెండు మూడు రోజులు చాలు. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలుచుకుంటే, చేసేటప్పుడు మూడు దాటకూడదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థితికి వచ్చెయ్యాలి. రాకపోతే ముందురోజు చేసింది ఎక్కువైందన్నమాట.

నొప్పి మాత్ర వేసుకుని ఆడటం మానండి. ఒళ్లు ఆగమని చెప్పే మాట మీకు వినపడకుండా పోతుంది.

ఇంకోటి, ఇది ఆడపిల్లలు నాకు చివర్లో, తలుపు దాకా వెళ్లి చెప్పే విషయం. నడుము సన్నగా కనిపించాలని తిండి తగ్గిస్తారు. రోజూ గంటల తరబడి సాధన చేస్తూ తక్కువ తింటే నెలసరి తప్పుతుంది, ఎముకల బలం తగ్గుతుంది. వరసగా మూడు నెలలు రాకపోతే గైనకాలజిస్టుని కలవాలి. పాదంలో గానీ కాలి ముందు ఎముక మీద గానీ ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగినంత నొప్పి ఉంటే అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. ఒకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి చూపించుకోండి. ప్రోగ్రాము రోజున ఖాళీ కడుపుతో ఉండకండి. రెండు మూడు గంటల ముందు పెరుగన్నమో ఇడ్లీయో తినండి. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

కృష్ణానగర్ గ్రూప్ డాన్సర్

నాది సినిమా వైపు, గ్రూప్ డాన్సర్‌ని, హైదరాబాద్. క్లాసికల్ గురించి నాకు తెలియదు గానీ డబ్బు గురించి రెండు మాటలు. మా దగ్గర ముప్పై ఐదు దాటితే ముందు వరసలో నిలబెట్టరు. అందుకే మాలో తెలివైనవాళ్లు ముందే అసిస్టెంట్‌గానో, ఫిట్‌నెస్ ట్రైనర్‌గానో దారి చూసుకుంటారు. నేనిప్పుడు పొద్దున జిమ్‌లో గ్రూప్ క్లాసులు చెప్తున్నాను.

ఏ ప్రోగ్రామైనా ఫోన్లో మాట్లాడాక ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి: తేదీ, ఎన్ని ఐటమ్‌లు, ఎంత, ఎప్పుడిస్తారు, ప్రయాణం ఎవరిది. వాళ్లు ఓకే అని పెడితే అదే అగ్రిమెంట్. సగం అడ్వాన్స్ రాకుండా పూలు కూడా కొనకండి. పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఇస్తే, మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. రిటర్న్‌లు ఉంటేనే రేపు లోన్ కూడా వస్తుంది.

బ్యాంకు అకౌంట్ ఉంటే ప్రధానమంత్రి సురక్ష బీమా తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకి 2 లక్షలు వస్తాయి. కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు మాత్రం అది ఇవ్వదు, దానికి హెల్త్ ఇన్సూరెన్స్ విడిగా ఉండాల్సిందే. వయసులో ఉన్నప్పుడే తీసుకోండి. ముందు నుంచీ ఉన్న మోకాలి నొప్పి సంగతి ఫారంలో దాచకండి, దాస్తే క్లెయిమ్ అప్పుడు అదే కారణం చూపించి ఇవ్వరు.

కృష్ణాతీరం

అందరికీ చాలా థాంక్స్. అద్దంలో చూశాను. కుడి మోకాలు నిజంగానే బొటనవేలి వైపు వాలుతోంది! సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. స్కాలర్‌షిప్ సంగతి నాకసలు తెలియదు, చూస్తాను. అక్కా, గురువుగారికి చెప్పడం గురించి మీరేమీ రాయలేదు. దసరా ఆహ్వాన పత్రిక ఇంకో వారంలో ప్రింటుకి వెళ్తుంది. తరంగం నా పేరు మీదే ఉంది.

తెనాలి టీచర్

రాయాల్సింది చాలా ఉంటే అది మిగిలిపోయింది చెల్లీ.

మీ గురువుగారికి ఈపాటికి కొంత తెలిసే ఉంటుంది. నేర్పేవాళ్లకి చెవుల్లో తెలుస్తుంది. ఒక కాలి తట్టు గట్టిగా, ఇంకో కాలిది మెత్తగా పడుతుంది. మూడో కాలానికి, అంటే బాగా వేగంగా ఆడే దగ్గరికి వచ్చేసరికి ఆ కాలి గజ్జె వెంట్రుకవాసి ఆలస్యంగా మోగుతుంది. నా శిష్యురాళ్లలో ఎవరికైనా అలా వినిపిస్తే నేను రెండు రోజులు చూస్తాను, తనంతట తను చెప్తుందేమోనని. చెప్పినవాళ్ల మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. స్టేజీ మీద కూలబడ్డాక తెలిస్తే మాత్రం ఏ గురువైనా బాధపడతారు.

ఫోన్ చేయకు, మెసేజ్ పెట్టకు. సోమవారం డాక్టర్ ఏమన్నారో ఆ కాగితం తీసుకుని, క్లాసు మొదలుకాకముందు ఒక్కదానివే వెళ్లు. నొప్పి ఎన్నాళ్లుగా ఉందో దాచకుండా చెప్పు. ఆ వెంటనే ఈసారి ఏం చేయగలవో కూడా చెప్పు. తరంగం బృందంలో ఇంకో అమ్మాయికి ఇచ్చి, నాకు నెమ్మదిగా అభినయంతో సాగే క్షేత్రయ్య పదం ఒకటి ఇవ్వండి గురువుగారూ అని అడుగు. లేదా భామాకలాపంలో సత్యభామ రంగం మీదికి వచ్చే పాట, ప్రవేశ దరువు అడుగు, డాక్టర్ సరేనంటేనే. ఐటమ్ ఒకటి పోయిందనుకుంటావేమో, ఇరవై ఐదేళ్లకే పదం మీద కూర్చునే అవకాశం చాలామందికి రాదు. స్త్రీ పాత్రలకి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారు అరవై దాటాక కూడా సత్యభామగా వస్తే జనం కళ్లార్పకుండా చూసేవారు. ఆ వయసులో ఆయన్ని నిలబెట్టింది అభినయం. అది ఇప్పటి నుంచీ మొదలుపెడితే యాభైకి నీ చేతిలో ఉంటుంది.

పత్రిక ప్రింటుకి వెళ్లేలోపే చెప్పు. పేరు పడ్డాక మార్చాలంటే ఆయనకి ఇబ్బంది, తరంగం చేయాల్సిన అమ్మాయికి సాధనకి సమయం చాలదు. డాక్టర్ ఏమన్నారో ఇక్కడ రాయి, ప్లైవుడ్ వేయించేటప్పుడు సందేహం వస్తే అడుగు.